తాలిలిన్ ఆవిరి రైల్వేలో వాలంటీరుగా చేరాలంటే: బాయిలరు, పట్టాల పని తెలిసినవాళ్ళు కాస్త చెప్పండి

కాజీపేట_అబ్బాయి

అందరికీ నమస్కారం. ఉండేది బర్మింగ్‌హామ్, చదువు మెకానికల్. వచ్చే సీజనులో వేల్స్‌లోని తాలిలిన్ రైల్వేలో వాలంటీరుగా చేరదామని ఉంది. చరిత్ర వరకు చదివాను. పలకరాయి గని కోసం 1865లో వేసిన లైను, గేజి (పట్టాల మధ్య దూరం) 2 అడుగుల 3 అంగుళాలు. గని 1946లో మూతపడింది. యజమాని సర్ హెన్రీ హేడన్ జోన్స్ 1950లో పోయారు. ఆ అక్టోబరులోనే రచయిత టామ్ రోల్ట్, ఆయన మిత్రులు బర్మింగ్‌హామ్‌లో సభ పెట్టి సొసైటీ ఏర్పాటు చేశారు. 1951 మే 14న తమ మొదటి బండి నడిపారు. వాలంటీర్లు చేతుల్లోకి తీసుకుని నిలబెట్టిన రైల్వేల్లో ప్రపంచంలో ఇదే మొదటిది అంటారు.

నాకు తెలియనిది అసలు పని. ఇంజన్లు చూస్తే చిన్నవి. అయినా పదిన్నర బండికి తెల్లవారుజామునే నిప్పు రాజేస్తారట, ఎందుకు? మంట గట్టిగా పెడితే గంటలో ఆవిరి రాదా? బాయిలరు కడగటం అంటే లోపల ఏం చేస్తారు, ఎన్నాళ్ళకోసారి? పదేళ్ళకోసారి ఇంజను మొత్తం విప్పాలనేది చట్టమా, ఆనవాయితీయా? పట్టాల పనిలో కొత్తవాళ్ళకు ఏం అప్పజెప్తారు? ఇప్పుడు వేల్స్ బొగ్గు దొరకటం లేదని కూడా విన్నాను. పైపైన కాకుండా వివరంగా చెప్తే సంతోషం.

షెడ్డు_మేస్త్రి

గంటలో ఆవిరి వస్తుంది. దాంతోపాటు ట్యూబుల (వేడి పొగ బాయిలరు గుండా పోయే గొట్టాలు) చివర్లు కారటం, స్టేలు విరగటం కూడా మొదలవుతాయి. నష్టం ఆరోజు కనపడదు కాబట్టే కొత్తవాళ్ళకు ఇది నమ్మబుద్ధి కాదు.

లెక్క చూడండి. పీడనం 10 బార్ దగ్గర ఉంటే లోపలి నీళ్ళు 184 డిగ్రీల సెల్సియస్‌లో ఉంటాయి. పొద్దున 15 డిగ్రీల దగ్గర మొదలయ్యాయనుకుంటే దాదాపు 170 డిగ్రీల తేడా. రాగి ఫైర్‌బాక్సు (నిప్పు మండే పెట్టె) ఉన్న బాయిలర్లో ఒక మీటరు ఎత్తు రాగి రేకు ఆ తేడాకి 2.9 మి.మీ. పెరుగుతుంది. దాని చుట్టూ ఉన్న ఉక్కు తొడుగు అదే వేడికి 2 మి.మీ. మాత్రమే పెరుగుతుంది. రెండూ ఒకే వేడిలో ఉన్నప్పుడే మీటరుకి 0.9 మి.మీ. ఎడం వస్తే, రాగి ముందే కాలిపోయి ఉక్కు ఇంకా చల్లగా ఉన్నప్పుడు ఆ ఎడం ఇంకెంతో ఊహించండి. ఆ రెండు రేకుల్నీ కలిపి పట్టుకున్నవి స్టేలు, వందల సంఖ్యలో ఉంటాయి. ఎడాన్ని అవి వంగి భరిస్తాయి. పదేపదే వంగిన స్టే ఎక్కువగా బయటి ఉక్కు రేకు మొదట్లో పగులుతుంది. అందుకే చాలా స్టేలకు నడిమధ్యన సన్నటి రంధ్రం తొలిచి ఉంచుతారు. స్టే విరిగితే ఆ రంధ్రంలోంచి నీటి చెమ్మ, ఆవిరి బయటికొచ్చి పట్టిస్తాయి.

ఇంకో సంగతి. నిప్పు పెట్టిన మొదట్లో బాయిలర్లో నీళ్ళు పెద్దగా కదలవు. వేడి నీళ్ళు పైకి చేరతాయి, చల్లవి అడుగున కూర్చుంటాయి. పైన గేజి 20 పౌండ్లు చూపిస్తున్నప్పుడు ఫైర్‌బాక్సు అడుగున ఫౌండేషన్ రింగు మీద చెయ్యి పెట్టండి, గోరువెచ్చగా కూడా ఉండదు. ఆ అడుగుభాగం వేడెక్కేదాకా ఓపిక పట్టాలి. చిన్న నేరోగేజి ట్యాంకు ఇంజనుకి చల్లటి స్థితి నుంచి మూడు నాలుగు గంటలు పడుతుంది. నిన్న నడిచి ఇంకా వెచ్చగా ఉంటే అంతకంటే తక్కువ. పెద్ద స్టాండర్డ్ గేజి ఇంజన్లకు ముందురోజే చిన్న మంట పెట్టి ఉంచుతారు.

ఇక వరస. ముందు నీళ్ళు, తర్వాతే అగ్గిపుల్ల. గేజి గ్లాసులో (బాయిలరు నీటి మట్టం చూపే గాజు గొట్టం) నీళ్ళు కనపడితే సరిపోదు, గ్లాసు నిజం చెప్తోందో లేదో కూడా చూడాలి. కింద డ్రెయిన్ కాక్ తెరిస్తే నీళ్ళు పోవాలి, మూయగానే చటుక్కున పాత మట్టానికి లేవాలి. బద్ధకంగా లేస్తే దారిలో మడ్డి పట్టినట్టు. రెండు గ్లాసులూ ఒకే మట్టం చూపించాలి. ఆ తర్వాత టార్చి తీసుకుని ఫైర్‌బాక్సులోకి చూడాలి: పై రేకు, అందులోని సీసం ప్లగ్గులు, స్టేల తలలు, ట్యూబుల చివర్లు, ఇటుకల ఆర్చి. ఎక్కడైనా తెల్లటి చార కనపడితే అక్కడ నీరు కారి ఎండిందన్నమాట. పొడిగా ఉన్నా సరే, మంట పెట్టకముందే పైవాళ్ళకు చెప్పాలి.

సీసం ప్లగ్గు గురించి ఒక మాట. నీటి మట్టం పడిపోయి పై రేకు బయటపడితే సీసం 327 డిగ్రీల దగ్గర కరిగి, ఆవిరి నిప్పులోకి చిమ్మి ప్రమాదం తెలియజేస్తుంది. మంటను అది ఆర్పేస్తుందని అనుకోకూడదు. అది కరిగేదాకా వచ్చిందంటే ఆ పూటకి ఇంజను పని అయిపోయినట్టే. నిప్పు దించి, బాయిలరు పరీక్ష చేయించాక గానీ మళ్ళీ ముట్టుకోరు.

స్మోక్‌బాక్సులో (పొగగొట్టం కింద ఉండే అర) బూడిద తీసేసి తలుపు గట్టిగా బిగించాలి. తలుపు సందులోంచి గాలి దూరితే లోపల మిగిలిన బొగ్గుపొడి అంటుకుని తలుపు అడుగున రంగు పొక్కులు లేస్తుంది, మంటకు లాగుడు పోతుంది. ఇంజను ఆవిరి పట్టటం లేదని ఫైర్‌మన్‌ని తప్పుపట్టే ముందు ఆ పొక్కులు చూడటం మంచిది.

రెగ్యులేటరు (సిలిండర్లకు ఆవిరి వదిలే కవాటం) మూసి, రివర్సరు (ముందుకా వెనక్కా అని మార్చే మీట) మధ్యలో పెట్టి, సిలిండరు డ్రెయిన్ కాకులు తెరిచి, హ్యాండ్‌బ్రేకు బిగించి, చక్రాల కింద చెక్కలు పెట్టాకే నిప్పు. రెగ్యులేటరు కొద్దిగా కారినా చాలు, ఆవిరి సిలిండర్లలో చేరి ఎవరూ లేనప్పుడు ఇంజను తనంతట తాను కదులుతుంది. గ్రేటు (నిప్పు కింది చువ్వల జల్లెడ) మీద పల్చగా బొగ్గు పరిచి, పైన ఎండు కట్టెలు, మధ్యలో కిరసనాయిల్లో తడిపిన గుడ్డలు. మొదటి రెండు గంటలు చిన్న మంట చాలు. బ్లోయరు (మంటకు గాలి లాగుడు పెంచేది) పెట్టి ఎగదోసే తొందర వద్దు.

ఆ ఖాళీలో నూనె పని. ఆక్సిల్‌బాక్సులు, రాడ్లు, ఎక్సెంట్రిక్కులు, ప్రతి నూనె గిన్నె మూత తీసి చూడాలి. రాత్రి వాన పడితే అడుగున నీళ్ళు చేరి ఉంటాయి. నూనె లాగే ఉన్ని వత్తి నీళ్ళలో తడిస్తే నూనె పీల్చదు, ఆ బేరింగు కాలుతుంది. సిలిండరు నూనె వేరు, బేరింగు నూనె వేరు. సిలిండరు నూనె జిగురుగా చిక్కగా ఉంటుంది, అంత వేడిలోనూ పల్చబడి పోకూడదు కాబట్టి. డబ్బాలు తారుమారు కాకూడదు.

షెడ్డు దాటకముందు ఇంజెక్టర్లు రెండూ బాయిలర్లోకి నీళ్ళు తోస్తున్నాయని చూడాలి. ఒక్కటే పనిచేస్తోంది, రెండోది దారిలో సర్దుకుంటుందిలే అని కదలకూడదు. మొదటి కదలికలో డ్రెయిన్ కాకులు తెరిచే ఉండాలి. సిలిండర్లో పేరుకున్న నీళ్ళు నొక్కితే నలగవు, సిలిండరు మూతనే పగలగొడతాయి.

సాయంత్రం దిగేముందు గ్లాసు నిండా నీళ్ళు పెట్టి వెళ్ళాలి. 184 డిగ్రీల నీళ్ళు చల్లారితే ఘనపరిమాణం సుమారు 12 శాతం తగ్గుతుంది. రాత్రి నిండుగా కనిపించిన గ్లాసు తెల్లారేసరికి బాగా దిగి ఉంటుంది, కంగారుపడనక్కర్లేదు. ఎప్పుడూ దిగే చోటికంటే ఎక్కువ దిగితేనే ఎక్కడో కారుతున్నట్టు.

నీళ్ళ_లెక్క

మేస్త్రిగారు నిప్పు సంగతి చెప్పారు, నేను నీళ్ళ సంగతి చెప్తాను. వాలంటీరు రైల్వేల్లో బాయిలరు ఆయుష్షు సగం కడుగుడులోనే తేలుతుంది.

ఎన్నాళ్ళకోసారి అన్నది నీళ్ళను బట్టి. క్యాలెండరు రోజులు కాదు, నిప్పు పెట్టిన రోజులు లెక్కవేస్తారు. రెండు నుంచి నాలుగు వారాల పని దినాలకోసారి అనుకోవచ్చు. పల్నాడులో బోరు నీళ్ళు కాచే గిన్నె అడుగున తెల్లగా గార కట్టటం చూసే ఉంటారు. బాయిలర్లో అదే గార రేకుకీ నీళ్ళకీ మధ్య దుప్పటిలా పడి, నిప్పు వైపు రేకును చల్లారనివ్వదు. వేల్స్ కొండల నీళ్ళు దీనికి పూర్తిగా తిరగబడ్డ రకం, మెత్తటివి. గార తక్కువే గానీ కొద్దిగా ఆమ్ల గుణం ఉండటంతో ఉక్కు రేకును గుంటలు గుంటలుగా తింటాయి. అందుకని నీటి క్షారత 11 పీహెచ్ దగ్గర ఉండేలా మందు కలుపుతారు. ఆక్సిజన్ని పట్టేయటానికి టానిన్ లాంటివి వేస్తారు. కరిగిన లవణాల మోతాదు రోజూ మీటరుతో చూసి, పెరిగితే బ్లోడౌన్ తెరిచి కొంత నీరు వదిలేస్తారు. వదలకపోతే నీళ్ళు నురగలెత్తి ఆవిరితో కలిసి సిలిండర్లలోకి పోతాయి. పాలు పొంగినట్టే. అప్పుడు గ్లాసులో మట్టం కూడా అబద్ధం చెప్తుంది: నిండుగా కనపడుతుంది, రెగ్యులేటరు మూయగానే ఢమాల్న పడిపోతుంది.

కడిగే రోజు మొదటి నియమం, వేడిగా ఉన్నప్పుడు నీళ్ళు వదలకూడదు. చెయ్యి పెట్టి ఉంచగలిగేంత చల్లారాలి. తొందరపడి వేడి మీద ఖాళీ చేస్తే అడుగున మెత్తగా ఉన్న మడ్డి రేకుల వేడికి కాలి ఇటుకలా అతుక్కుంటుంది. ఆ తర్వాత ఎంత ఒత్తిడితో కొట్టినా రాదు.

తర్వాత వాషౌట్ ప్లగ్గులు, మడ్‌డోర్లు (కడగటానికి బాయిలరుకి ఉన్న రంధ్రాల బిరడాలు, చిన్న తలుపులు) విప్పటం. ప్రతి ప్లగ్గుకీ నంబరు, ఏ రంధ్రంలోది ఆ రంధ్రంలోకే. ఏటవాలు మర ఉన్న ప్లగ్గులు ఏళ్ళ తరబడి తమ రంధ్రంలో అరిగి కుదిరి ఉంటాయి, మార్చేస్తే కుదరవు. గొట్టంతో కడగటం పైనుంచి మొదలు: ముందు ఫైర్‌బాక్సు పై రేకు, తర్వాత ట్యూబుల మధ్య, తర్వాత పక్క సందులు, చివరికి ఫౌండేషన్ రింగు చుట్టూ. కింద నుంచి మొదలుపెడితే పైది మళ్ళీ కిందికొచ్చి పేరుకుంటుంది. మూలల్లో సన్నటి రాడ్డు పెట్టి గెలకాలి. బయటికి వచ్చే నీళ్ళను బకెట్లో పట్టి చూడండి. నల్లటి పల్చటి బురద మామూలే. పెంకుల్లాంటి ముక్కలొస్తే నీటి మందు సరిపోవటం లేదు. ఎర్రగా వస్తే తుప్పు నడుస్తోంది. కడుగుడు అయిందనుకున్నాక లైటు, చిన్న అద్దం లేదా ఎండోస్కోపు పెట్టి పై రేకు మీదికి చూడాలి. చూడకుండా ప్లగ్గు బిగించటం అంటే పని సగంలో వదిలేసినట్టు.

తిరిగి పెట్టేటప్పుడు రంధ్రం మర, ప్లగ్గు మర రెండూ తుడిచి, గ్రాఫైటు పూసి, మొదటి కొన్ని చుట్లు చేత్తోనే తిప్పాలి. చేత్తో తిరగకపోతే మర తప్పింది, వెనక్కి తీయాలి. స్పానరుతో బలవంతం చేసి మర దాటించిన ప్లగ్గు చల్లగా ఉన్నప్పుడు కారదు. పూర్తి పీడనం ఎక్కాక బులెట్‌లా ఊడి వస్తుంది, వెనకే మరిగే నీళ్ళు. ఆవిరి మీద ఉన్నప్పుడు కారుతున్న ప్లగ్గును ఎప్పుడూ బిగించకూడదు. నిప్పు దించి, చల్లార్చి, అప్పుడు.

పదేళ్ళ సంగతి. బ్రిటన్‌లో 2000 నాటి పీడన వ్యవస్థల భద్రతా నిబంధనలు పదేళ్ళు అని ఎక్కడా చెప్పవు. ప్రతి బాయిలరుకీ రాతపూర్వక పరీక్షా పథకం ఉండాలి, అర్హత ఉన్న పరీక్షకుడు దాని ప్రకారం చూడాలి అంటాయి. పదేళ్ళన్నది స్థిరపడిన ఆనవాయితీ. ట్యూబులన్నీ తీసి, పీపా (బాయిలరు గుండ్రటి భాగం) లోపలి భాగం కంటితో చూసే గడువు అది. ఆ గడువు మధ్యలో ఏటేటా చల్లగా ఉన్నప్పుడు ఒకసారి, ఆవిరి మీద ఒకసారి పరీక్ష. పెద్ద మరమ్మతు అయ్యాక పని పీడనానికి ఒకటిన్నర రెట్లతో నీటి పరీక్ష చేయటం మామూలు. గాలితో కాకుండా నీళ్ళతో ఎందుకంటే, నొక్కిన గాలిలో శక్తి దాగి ఉంటుంది, రేకు పగిలితే పేలుతుంది. నీళ్ళు నలగవు కాబట్టి పగిలినా బుస్సుమని ఒక్క చిమ్ము చిమ్మి పీడనం పడిపోతుంది.

గ్యాంగ్_మేట్

ఇంజను దగ్గర పనికి జనం క్యూ కడతారు, పట్టాల పనికి పిలిస్తే పలచబడతారు. ఇది ఏ వాలంటీరు రైల్వేలోనైనా ఉన్నదే. కానీ 1951లో తాలిలిన్ సొసైటీకి ముందు ఎదురు తిరిగినవి పట్టాలే, అది తెలుసుకుంటే పని విలువ తెలుస్తుంది.

అప్పటికి నడిచే స్థితిలో ఉన్న ఇంజను 1866 నాటి డోల్‌గోఖ్ ఒక్కటే. (డోల్‌గోచ్ అనకండి, వెల్ష్ వాళ్ళు చివర ఖకారం గొంతులో పలుకుతారు.) పక్కనే 1948లో మూతపడ్డ కోరిస్ రైల్వేదీ అదే 2 అడుగుల 3 అంగుళాల గేజి. దాని ఇంజన్లు రెండింటిని ఒక్కోటి 25 పౌండ్లకు కొన్నారు. వాటిలో మూడో నంబరు, సర్ హేడన్, పట్టాలెక్కించగానే మాటిమాటికీ కింద పడింది. కొలిస్తే లైను గేజి అరంగుళం, అంటే దాదాపు 13 మి.మీ., ఎక్కువ ఉంది. అరుగుదల వల్ల కాదు, పాత కంపెనీ కావాలనే అలా ఉంచింది. డోల్‌గోఖ్ ఇంజనుకు ముందు వెనక ఇరుసుల మధ్య దూరం ఎక్కువ, వంపుల్లో బిగుసుకోకుండా ఆ వెసులుబాటు ఇచ్చారు. పాత ఇంజన్లు రెండింటికీ చక్రాల అంచు పట్టా మీద ఆనే మేర బాగా వెడల్పు కాబట్టి అవి పడలేదు. కోరిస్ ఇంజను చక్రాలకు ఆ వెడల్పు లేదు, ఒక పక్క చక్రం పట్టా లోపలికి జారిపోయింది. నాలుగో నంబరు ఎడ్వర్డ్ థామస్‌ని హన్స్‌లెట్ కంపెనీ ఉచితంగా బాగుచేసి ఇస్తే 1952లో పనిలోకి వచ్చింది. పట్టాల గేజిని మాత్రం అంగుళం అంగుళం వాలంటీర్లే సరిచేసుకోవాల్సి వచ్చింది.

ఇందులో పాఠం: కాగితం మీది గేజిని నమ్మకూడదు. పట్టాల మధ్య దూరం, చక్రాల లోపలి ముఖాల మధ్య దూరం, చక్రం అంచు వెడల్పు, మూడూ కొలిచాకే వేరే లైను బండిని మీ లైను మీదికి తేవాలి.

కొత్తవాళ్ళకు ముందు అప్పజెప్పేది స్లీపరు (పట్టాల కింద అడ్డంగా ఉండే దిమ్మ) మార్చటం. చూడటానికి మోటు పని, చేస్తే వరస తప్పకూడని పని. పక్కపక్కన ఉన్న రెండు స్లీపర్లు ఒకేసారి తీయకూడదు. మార్చాల్సిన స్లీపరుకి ఒక పక్క కంకర దాని అడుగు కంటే కొంచెం లోతుగా తవ్వాలి. కట్లు విప్పాలి. జాకీతో పట్టాను స్లీపరు జారేంత మాత్రమే, రెండు మూడు సెంటీమీటర్లు, లేపాలి. ఎక్కువ లేపితే పక్క స్లీపర్ల కిందికి కంకర దూరుతుంది, అక్కడ కొత్త మిట్ట తయారవుతుంది. పాతది లాగి కొత్తది తోశాక, వరస సరిగా ఉన్న పట్టాను ముందు బిగించాలి. గేజి బద్ద పెట్టి రెండోదాన్ని దానికి సరిచేసి అప్పుడు బిగించాలి. మేకు కొట్టే రంధ్రం ముందే తొలవాలి, లేకపోతే కొయ్య చీలుతుంది.

ఆఖరిది ప్యాకింగు, ఇక్కడే ఎక్కువ తప్పులు. బీటరుతో (కంకర కూరే గునపం లాంటి పనిముట్టు) కంకర దట్టించేది ప్రతి పట్టాకీ అటూ ఇటూ ఓ అడుగు మేర మాత్రమే. స్లీపరు నడిమధ్యన దట్టించకూడదు. మధ్యలో గట్టిపడితే స్లీపరు త్రాసు దండంలా ఊగుతుంది, చివరికి నడిమికి విరుగుతుంది. పని అయ్యాక స్లీపరు మీద బీటరు మొనతో కొట్టి వినండి. నిండుగా పలికితే సరే, డొల్లగా పలికితే కింద ఖాళీ ఉంది.

స్లీపర్ల కంటే ముందు చూడాల్సింది కాలువలు. ఆ కొండల్లో వాన ఎక్కువ. కంకర కింద నీరు నిలిస్తే బండి వెళ్ళిన ప్రతిసారీ స్లీపరు పిస్టనులా కిందికి పైకి ఆడుతూ బురదను పైకి కక్కుతుంది. కంకర మీద బూడిద రంగు మరక, దాని చుట్టూ తెల్లటి రాతిపొడి కనిపిస్తే అదే. అక్కడ ఎన్నిసార్లు ప్యాకింగు చేసినా నెల తిరక్కుండా మళ్ళీ దిగుతుంది. ముందు పక్క కాలువ తవ్వి, తూములో ఆకు తీసి, నీటికి దారి ఇచ్చాకే పట్టా ఎత్తాలి. చలికాలపు వారాంతాల్లో పారతో కాలువ తవ్వే వాలంటీరే వేసవిలో బండ్లు సమయానికి నడిపిస్తున్నాడని నా గట్టి నమ్మకం.

ఎండ ముదిరిన రోజుల్లో కంకర తవ్వరు. 9 మీటర్ల పట్టా 30 డిగ్రీలు వేడెక్కితే 3 మి.మీ. పైగా పెరుగుతుంది. అతుకు దగ్గర ఆ సందు ఉండాలి, ఫిష్‌ప్లేటు (రెండు పట్టాల్ని కలిపే ఇనుప బద్ద) జారగలగాలి. అందుకే ఏడాదికోసారి ఫిష్‌ప్లేట్లు విప్పి, తుప్పు గీకి, గ్రీజు రాసి మళ్ళీ బిగిస్తారు. అప్పుడే బోల్టు రంధ్రం చుట్టూ పట్టాకి పగులు ఉందేమో చూసేది. పగుళ్ళు పుట్టేది ఎక్కువగా అక్కడే.

కాజీపేట_అబ్బాయి

ఇంత వివరంగా రాసినందుకు ముగ్గురికీ కృతజ్ఞతలు. స్టే రంధ్రం సంగతి కాలేజీలో కూడా ఎవరూ చెప్పలేదు. రెండు మిగిలాయి. బొగ్గు సంగతి, చేరిన వెంటనే ఇంజను మీద ఎక్కనిస్తారా అన్నది. ఇంకోటి: ఇలాంటిది మన దగ్గర ఎందుకు లేదు? నౌపడ నుంచి గుణుపూర్ వెళ్ళే చిన్న బండి ఉండేది కదా.

షెడ్డు_మేస్త్రి

బొగ్గు: దక్షిణ వేల్స్‌లో మెర్థిర్ టిడ్‌ఫిల్ దగ్గరి ఫోస్-ఇ-ఫ్రాన్ గని 2023 నవంబరు ఆఖరుకి ఆగిపోయింది. హెరిటేజి లైన్లకు కావలసిన వెల్ష్ స్టీమ్ బొగ్గు దాంతో దాదాపు పోయినట్టే. ఇప్పుడు దిగుమతి బొగ్గు, లేకపోతే బొగ్గుపొడిని అంటుతో కలిపి గుడ్డు ఆకారంలో ఒత్తిన బిళ్ళలు వాడుతున్నారు.

తేడా చేతికి తెలుస్తుంది. వెల్ష్ బొగ్గు పొగ తక్కువ, నిదానంగా కాలి చాలాసేపు వేడి నిలుపుతుంది. మందంగా వేసి కదపకుండా వదిలేయొచ్చు. దిగుమతి బొగ్గులో ఆవిరయ్యే పదార్థం ఎక్కువైతే వేసిన వెంటనే నల్లపొగ. అప్పుడు ఒక్కసారి నాలుగైదు పారలే వేసి, పొగ తేలికపడేదాకా ఫైర్‌హోల్ తలుపు కొద్దిగా తెరిచి పైనుంచి గాలి ఇవ్వాలి. నల్లపొగంటే కాలకుండా పోతున్న బొగ్గే. బిళ్ళలకు మంట సాగదు, వేడంతా గ్రేటుకి దగ్గరగా ఉంటుంది. బూడిద తొట్టి నిండనిచ్చారంటే కింద నుంచి గాలి ఆగి గ్రేటు చువ్వలు ఎర్రగా కాలి వంగిపోతాయి. బిళ్ళలు వాడే రోజు తొట్టి మామూలుకంటే ఎక్కువసార్లు ఖాళీ చేయటమే మందు.

ఇంజను మీద వెంటనే ఎక్కనివ్వరు. మన దగ్గరి పాత వరసే: క్లీనరు, ఫైర్‌మన్, డ్రైవరు. ప్రతి మెట్టుకీ నిబంధనల పరీక్ష, పై మెట్లకు వైద్య పరీక్ష, ఇన్ని ట్రిప్పులు ఒకరి పర్యవేక్షణలో అని లెక్క. తుడవటాన్ని చిన్నచూపు చూడకండి. ఫ్రేము మీది మడ్డి పూర్తిగా తుడిచి పది నిమిషాలాగి చూస్తే పగులు ఉన్నచోట సన్నటి నల్లగీత మళ్ళీ నూనె కక్కుతుంది. వదులైన నట్టు చుట్టూ ఎర్రటి తుప్పు పొడి ఉంటుంది. ఇవి కనిపెట్టేది క్లీనరే. గార్డు, సిగ్నలు పనులూ ఉన్నాయి. ఒంటి లైను కాబట్టి టోకెను (ఆ లైను ముక్క మీదికి వెళ్ళే హక్కుకి గుర్తు) చేతిలో లేకుండా బండి కదలదు. ఒకప్పుడు మన స్టేషన్లలో రింగుకి కట్టి డ్రైవరుకి అందించిన బంతి టోకెను సూత్రమే అక్కడా.

నౌపడ_లైను

పర్లాకిమిడి రాజావారు వేయించిన ఆ లైను 1900లో మొదలైంది, గేజి 2 అడుగుల 6 అంగుళాలు. బ్రాడ్‌గేజి కోసం 2004లో ఆపేశారు. ఇప్పుడు అదే దారిలో పెద్ద బండ్లు నడుస్తున్నాయి. శ్రీకాకుళం, గజపతి జిల్లాల జనానికి అది కావాల్సిన మార్పే. దాన్ని తాలిలిన్‌తో పోల్చేటప్పుడు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. 1948లో బ్రిటన్ రైల్వేలు జాతీయం అయినప్పుడు తాలిలిన్ ఆ జాబితాలోకి రాలేదు. ఒక కుటుంబం ఆస్తిగా మిగిలింది కాబట్టి, ఆ కుటుంబంతో మాట్లాడి సొసైటీ చేతుల్లోకి తీసుకోగలిగింది. మన దగ్గర లైనూ, నేలా, ఇంజనూ అన్నీ రైల్వేవే. నీలగిరిలోనైనా హర్యానాలోని రేవాడి షెడ్డులోనైనా ఆవిరి ఇంజన్లు నడిపేది రైల్వే సిబ్బందే.

మరి వాలంటీర్లు చేయగలిగింది ఏమీ లేదా అంటే ఉంది. స్టేషన్ల ముందు, రైల్వే కాలనీల్లో గద్దె మీద నిలబెట్టిన పాత ఇంజన్లు చాలా ఉన్నాయి. వాటికి ఏటేటా రంగు వేస్తారు, లోపల మాత్రం తుప్పు తింటూనే ఉంటుంది. అనుమతి తీసుకుని ముగ్గురు నలుగురు చేయగల పనులు ఇవి. పొగగొట్టానికి రేకు మూత పెట్టటం అన్నిటికంటే ముఖ్యం. వాన నీళ్ళు స్మోక్‌బాక్సులో మిగిలిన బూడిదతో కలిస్తే గంధకపు ఆమ్లం తయారై అడుగు రేకును జల్లెడ చేస్తుంది. మూత పెట్టేముందు ఆ బూడిద పూర్తిగా తోడేయాలి. ట్యాంకు, టెండరు అడుగున డ్రెయిన్లు తెరిచి ఉంచాలి, బూడిద తొట్టిలో ఆకులు తీయాలి. రాడ్ల మీద, పిస్టను కడ్డీల మీద రంగు వేయించొద్దు, గ్రీజు రాయించండి. రంగు కింద తుప్పు కనపడకుండా పాకుతుంది.

ఒక్క జాగ్రత్త ప్రాణం మీది విషయం కాబట్టి విడిగా చెప్తున్నాను. పాత ఇంజన్ల బాయిలరు మీది బయటి రేకు విప్పకండి. కింద వేడి ఆగటానికి చుట్టిన పొరల్లో ఆస్బెస్టాస్ ఉండే అవకాశం ఎక్కువ. రేకు ఊడి తెల్లటి పీచు బయటికి వేలాడుతుంటే చీపురు పెట్టి ఊడవొద్దు, చేత్తో ముట్టొద్దు. ఆ చోటికి ఎవరూ రాకుండా కట్టి, రైల్వేవాళ్ళకు రాతపూర్వకంగా తెలియజేయండి.

గ్యాంగ్_మేట్

కాజీపేట అబ్బాయికి చివరిగా బట్టల సంగతి. పైనుంచి కిందిదాకా నూలు బట్టలే. ఫైర్‌హోల్ ముందు నైలాన్ జాకెట్టు మీద నిప్పురవ్వ పడితే కరిగి చర్మానికి అతుక్కుంటుంది. ఉక్కు ముక్కు ఉన్న బూట్లు చీలమండ దాటి ఉండాలి, కంకర మీద పాదం మెలిపడకుండా. తోలు గ్లౌజులు రెండు జతలు తెచ్చుకోండి, ఒకటి తడుస్తుంది. ఉంగరం, మెడలో గొలుసు తీసి గదిలో పెట్టి రండి. వాన కోటు పట్టాల పనికి తప్పనిసరి, కానీ దాన్ని ఇంజను క్యాబు దగ్గరికి తీసుకుపోవద్దు. మొదటిసారి వచ్చేటప్పుడు వారాంతం రెండు రోజులూ ఉండేలా రండి. శనివారం మార్చిన స్లీపరు మీదుగా ఆదివారం బండి వెళ్తుంటే పక్కన నిలబడి, చక్రం దాటేటప్పుడు ఆ స్లీపరు ఎంత దిగుతోందో చూడండి. కంటికి తెలిసేంత దిగితే సోమవారం గ్యాంగుకి రాసిపెట్టి వెళ్ళాలి.